పద్నాలుగు చేతులు

సుమయాను సంఘంలోంచి తీసేయాల్సిందేనని అధ్యక్షురాలు బషీరున్నీసా తేల్చి చెప్పింది.

ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే షెడ్డు అది. పదిహేనుమంది చాపల మీద కూర్చున్నారు. మధ్యలో ఆత్మకూరు షాపువాళ్లు తిప్పి పంపిన అట్టపెట్టె. అందులో గరిటెలన్నీ పగుళ్లిచ్చాయి. పచ్చి చెక్కతో చేసినవని చూడగానే తెలుస్తోంది. ఆరిన చెక్క ఎంచి ఇచ్చే పని సుమయాది. ఇట్లాంటి సరుకు ఇంకోసారి పోతే ఆ షాపు గిరాకీ మనకు ఉండదని గఫార్ అన్నాడు. కొందరు అవునన్నారు.

"నేను ఆరిన చెక్కే ఇచ్చినాను. పచ్చిది ఎట్టా కలిసిందో నాకు తెలీదు," అంది సుమయా.



సబీనా నాలుగేళ్లుగా సుమయా పక్కనే కూర్చుని గరిటెలు చెక్కుతోంది. ఆమె అబద్ధమాడే మనిషి కాదని తెలుసు. ఇద్దరు పిల్లలతో ఆమెకు ఈ పని తప్ప వేరే దారి లేదనీ తెలుసు. ఎవరేమన్నా సరే, తను మాత్రం ఒప్పుకోకూడదని ఇంటి దగ్గరే గట్టిగా అనుకుని వచ్చింది.

"తీసేద్దామనే వాళ్లు చేతులు..." అని బషీరున్నీసా అంటుండగానే ముందు వరుసలో బర్కతుల్లా చెయ్యి లేచింది. అక్కడున్న అందరికీ పని నేర్పిన పెద్దాయన. ఆయన్ని చూసి గఫార్ ఎత్తాడు. తర్వాత సైఫుల్లా. చూస్తుండగానే వెనక వరుసంతా ఎత్తేసింది. సబీనా ఒక్కతే మిగిలింది. అందరూ తనవైపే చూస్తున్నట్టు అనిపించింది. ఆమె కూడా చెయ్యెత్తింది.

బషీరున్నీసా తన చేతితో కలిపి లెక్కపెట్టింది. పద్నాలుగు.

సుమయా తన ఉలి, ఆకురాయి సంచిలో వేసుకుంది. సబీనా చేతివైపు ఒక్కసారి చూసి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున సబీనాకు పనికి పోబుద్ధి కాలేదు. నేరుగా బర్కతుల్లా ఇంటికి వెళ్లింది. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన టీ చల్లారిపోయి ఉంది.

"చాచా, సుమయా తప్పు చేయలేదని నాకు తెలుసు. మీరెత్తినారని నేనూ ఎత్తినాను. మీకేం తెలిసి ఎత్తినారు?"

ఆయన టీ గ్లాసు పక్కకు జరిపి ఆమెకు చోటిచ్చాడు.

"పచ్చి చెక్క కలిపింది నేనేనని చెప్పేదానికి ఎత్తినాను బేటీ. వెనక్కి తిరిగి చూస్తే మీరంతా ఎత్తి ఉండారు. ఇంక నాకు నోరు పెగల్లేదు."