కుళ్లిన కాయకు అమ్ముడుపోయిన సాయిబు

ఆళ్లగడ్డ మామిడి మండీలో దేవరాజు వేలంపాట ఎత్తుకుంటే, దొర్నిపాడులో పడుకున్న ఎద్దులు లేచి కాడి కింద మెడ పెట్టేవట.

బనగానపల్లె తోటల్లో పచ్చికాయలు ఆ గొంతు విని చెట్టుమీదే సగం పండేవట.

అంతటి గొంతు పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది ఎండాకాలంలో బొంగురుపోయింది. దగ్గు కూడా పట్టుకుంది.

కాయలు మాగేసే గడ్డి దుమ్మని దేవరాజు బీడీ వెలిగించాడు. భార్య లూదియా మిరియాల కషాయం కాచింది. తువ్వాలు మీది ఎర్రమరకలు ఉతకలేక, ఆకువక్క మానమని రోజూ తిట్టింది.

ఒకరోజు పాట మధ్యలో దగ్గు తెర కమ్మింది. దేవరాజు పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

పాత మామిడి పెట్టెల చెక్కలు కొనడానికి నంద్యాల నుంచి వచ్చిన ఒక ముసలి సాయిబు అక్కడే నిలబడి ఉన్నాడు. నేల మీది ఉమ్మిని చూశాడు. తర్వాత దేవరాజును కాళ్ల నుంచి తల దాకా చూశాడు.

"నోట్లో ఆకుందా అప్పా?"

"పాట పాడేటోడు ఆకేసుకుంటాడా? పొద్దున్నించి ముట్టలే."

"మరి ఎర్రగా పడిందేందీ?"

దేవరాజు నిన్నటి ఆకు మిగిలిందిలే అన్నాడు. మండీ అంతా నవ్వింది.

సాయిబు నవ్వలేదు. దేవరాజు చెయ్యి పట్టుకుని వేళ్లు తిప్పి చూశాడు. కొనలు ఉబ్బి, గోళ్లు గుండ్రంగా వంగి ఉన్నాయి. భుజం లాగుతోందా, చొక్కా వదులైందా అని మెల్లగా అడిగాడు. రెండూ నిజమే. దేవరాజు చెయ్యి లాక్కున్నాడు.

"ఇది దుమ్ము దగ్గు కాదప్పా. లోపల గడ్డ లేస్తాంది. బిరీన కర్నూలు పెద్దాసుపత్రికి పో. ఎదకు ఫోటో తీపిచ్చుకో."

"నువ్వేమన్నా డాక్టరువా?" అని హమాలీ కృపావరం ముందుకొచ్చాడు.

"కాదు. ఇట్లా పోయినోళ్ల ఇంటోళ్లు చెప్పినారు. అందరిదీ ఒకే మాట. ఆకురసం అనుకుంటిమి అని."

"వాళ్లొచ్చి నీకెందుకు చెప్తారు? నువ్వు చేసే పనేందీ?"

సాయిబు తల దించుకున్నాడు.

మండీకి అది చాలు. ఫోటోలు తీసేవాడి దగ్గర కమీషన్ తినే మనిషని ఒకడన్నాడు. నంద్యాలలో మోసపోయేవాళ్లు అయిపోయి ఇక్కడికొచ్చాడని ఇంకొకడన్నాడు. దేవరాజు గుండెలో పడిన రాయి ఆ మాటలతో ఇట్టే దిగిపోయింది. గంప మీదికెక్కాడు.

"రాండప్పా రాండి. నంద్యాల సరుకు. పాత గడ్డం, కొత్త అబద్ధాలు. పాట మొదలు పెట్టండి."

"ఒక కుళ్లిన కాయ" అన్నాడు కృపావరం.

"ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. తీసుకపోప్పా, నీదే."

కృపావరం నీరుకారుతున్న కాయ తెచ్చి సాయిబు అరచేతిలో చితికేలా నొక్కాడు.

"కొన్న్యా నిన్ను. ఇంక నేను చెప్పిందాకా నోరు తెరవాకు."

సాయిబు చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు.

"నవ్వుకోప్పా. నవ్వుకుంటానే కర్నూలుకు పో."

గడ్డి విసురుతూ గేటు దాకా సాగనంపారు. చెక్కలు కూడా కొనుక్కోలేకపోయాడు. ఆ సాయంత్రం దేవరాజు ఇంట్లో సాయిబు గొంతు అనుకరించి చూపిస్తే, లూదియా కూడా పొట్ట పట్టుకుని నవ్వింది.

వానలు పడేసరికి, ఎద్దుల్ని లేపిన గొంతు పక్క మంచంలో ఉన్న లూదియాకు కూడా వినపడలేదు. మండీకి వేరే పాటగాడు వచ్చాడు.

కర్నూలులో డాక్టరు ఫోటోను కిటికీ వెలుతురుకు పట్టి, ఎర్రగా ఎప్పటి నుంచి పడుతోందని అడిగాడు.

"ఆకురసం అనుకుంటిమి సార్" అంది లూదియా.

ఎండాకాలంలోనే తెచ్చి ఉంటే ఏమన్నా చేసి చూసేవాళ్లమని, ఇక ఇంటికి తీసుకుపొమ్మని ఆయన చెప్పాడు.

చర్చిలో క్రిస్మస్ పాటలు నేర్చుకునే రోజుల్లో దేవరాజు పోయాడు. లూదియా అతని పక్కన తాడు పరిచి, పొడవు దగ్గర ముడివేసి కృపావరం చేతికిచ్చింది. పెట్టె కోసం అతను నంద్యాల బస్సెక్కాడు.

అక్కడి చర్చి వెనక సందులో ఉంది పెట్టెలు చేసే అంగడి. లోపల రంపం ఆడుతోంది. బల్ల మీద గోస్పాడు నుంచి వచ్చిన ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పుకుపోతోంది.

"మొదట్లో ఉత్త దగ్గే సామీ. గొంతు బొంగురుపాయ. ఎర్రగా పడితే ఆకురసం అనుకుంటిమి."

రంపం ఆగింది. వంగి ఉన్న మనిషి తలెత్తాడు. కృపావరం కాళ్లు గడపలోనే ఆగిపోయాయి.

"ఆ పొద్దు నీ పనేందో చెప్పింటే నమ్మింటిమి గదా సాయిబూ."

"బతికుండే మనిషి మొగం చూసి ఈ పని పేరు ఎట్లా చెప్పేదప్పా?"

ఎవరికని అతను అడగలేదు. కృపావరం జేబులోంచి తాడు తీసి చిక్కు విప్పుతున్నాడు.

కృపావరం కొలత ముడి దాకా తాడు విప్పేలోపే, నంద్యాల కిరస్తానీలందరికీ శవపెట్టెలు చేసే మదార్ సాయిబు, ఆరోజు మండీలో కళ్లతో చూసిన పొడవుకు చెక్క మీద గీత గీసేశాడు.