కోటు మాస్టారి పేకాట

సైకిల్ షాపు మేడ మీది గది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది కోటు మాస్టారి భార్య.

పొగలోంచి నలుగురు మగవాళ్ళు తలలెత్తి చూశారు. ఐదోవాడు ఎత్తలేదు. అతనే కోటు మాస్టారు. ముక్కలు చేతిలో పరుచుకుని, చెమట తుడుచుకోవడం కూడా మరిచిపోయి కూర్చున్నాడు. ఎదుటివాడి మోచేతి కింద ముదురు నీలం గుడ్డ మడతపెట్టి ఉంది. అది ఓ పెళ్ళికొడుకు కోటు కుట్టమని ఇచ్చిన గుడ్డ. పెళ్ళి ఎల్లుండి.

ఆ గుడ్డ కోసమే ఆవిడ పొద్దుటి నుంచీ తమ కుట్టు దుకాణమంతా గాలిస్తోంది.

"లేవండి" అంది.

"ఈ ఒక్క ఆట."

ఆవిడ అరవలేదు. చేతి గడియారం చూసుకుని, సంచీలోంచి నీళ్ళ సీసా తీసింది.

"ముందు మాత్ర వేసుకోండి."

ఆయన ముక్కల మీంచి చూపు తిప్పకుండానే మింగాడు. ఆవిడ వేలి ఉంగరం తీసి ఎదుటివాడి ముందు పడేసి, గుడ్డ చంకన పెట్టుకుని, మొగుణ్ణి రెక్క పట్టుకుని మెట్లు దింపింది.

ఇదంతా చూస్తే, ఒకప్పటి కోటు మాస్టారిని ఎరిగినవాళ్ళెవరూ నమ్మరు. రెండోసారి కాఫీ కూడా అడగని మనిషి. పెళ్ళిళ్ళలో సరదాకి ఎవరైనా ముక్కలు పంచితే, చెప్పులేసుకుని చల్లగా జారుకునేవాడు. ఆయన లోకమల్లా కత్తెర, టేపు, సుద్దముక్క.

అలాంటి మనిషికి చేతులు వణకడం మొదలైంది. సూదిలో దారం ఎక్కించలేక చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నరాల డాక్టరు చూసి, మెదడులో డోపమైన్ అనే సరుకు అడుగంటుతోందన్నాడు. కాలూ చెయ్యీ కదలాలన్నా, మనసుకి హుషారు పుట్టాలన్నా కావలసింది అదేనట. దాని పని చేసిపెట్టే మాత్ర రాసిచ్చాడు. వేళ తప్పనివ్వొద్దనీ, సొంతంగా మానెయ్యొద్దనీ, మానితే మనిషి బిగుసుకుపోవచ్చనీ హెచ్చరించాడు. ఆ మాట ఆవిడ కొంగున ముడేసుకుంది.

వణుకు తగ్గింది. మాస్టారు మళ్ళీ కాజాలు కుట్టాడు. కుడుతూ ఈల కూడా వేశాడు.

సంసారం గట్టెక్కిందనుకునేసరికి ఈ పాడు ఆట దాపురించింది. మేడ మీద ఓ చెయ్యి తక్కువైందని సైకిల్ షాపువాడు పిలిచాడు. ఆ ఎక్కడం ఎక్కడం మాస్టారు మళ్ళీ దిగలేదు. సైకిల్ షాపువాడి ఏడు తరాలనీ ఆవిడ తిట్టని రోజు లేదు.

మాస్టారు కూతురి నెత్తిన చెయ్యిపెట్టి ఒట్టు వేశాడు. వారం తిరక్కుండా కుట్టుమిషన్ మాయమైంది. తిండి యావ లేదు, నిద్ర లేదు. కుక్కతోక ఎంత సాగదీసినా వంకరేనక్కా, వదిలెయ్యమన్నాడు ఆవిడ తమ్ముడు. బేకరీలో పనిచేసే కూతురు తండ్రితో మాటలు మానేసింది.

డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఆయన ఇంకేమైనా ఇబ్బందులున్నాయా అని అడిగేవాడు. ఏమీ లేవండీ అనేది ఆవిడ. మొగుడు జూదరి అయ్యాడని పరాయివాళ్ళ దగ్గర చెప్పుకోవడానికి నోరెలా వస్తుంది? వణుకు మళ్ళీ కాస్త తొంగిచూస్తే డాక్టరు మోతాదు పెంచాడు. ఆవిడ దానికి తగ్గట్టు మాత్రల వేళకి పెట్టుకున్న అలారాలు మార్చుకుంది.

ఒకరోజు మాస్టారే భార్య ముందు కూలబడ్డాడు.

"నన్ను మనింటి మేడ గదిలో పెట్టి తాళం వెయ్యవే. నామీద నాకే నమ్మకం పోయింది."

వేసింది. వేళకి అన్నం, వేళకి మాత్ర తనే పట్టుకెళ్ళేది. ఆయన తలుపులు బాదాడు. బతిమాలాడు. నోట ఎన్నడూ రాని బూతులు తిట్టాడు. ఆవిడ చెవుల్లో కొంగు కుక్కుకుని గడప దగ్గరే కూర్చుంది.

ఓ మధ్యాహ్నం లోపల చప్పుడు ఆగిపోయింది. ఆవిడ గబగబా తాళం తీసింది. కిటికీ తెరిచి ఉంది. గోడనున్న నీళ్ళ గొట్టం ఊడి వేలాడుతోంది. కింద పెరట్లో మాస్టారు ఉన్నాడు. ఒక కాలు అడ్డంగా విరిగిపోయింది. అయినా మోచేతుల మీద పాకుతున్నాడు, గేటు వైపు.

ఆవిడ పరుగున వెళ్ళి పట్టుకుంటే, "వాళ్ళు ముక్కలు పంచేసి ఉంటారే" అన్నాడు.

ఆసుపత్రిలో కాలికి కట్టు వేశారు. కబురు తెలిసి నరాల డాక్టరు కూడా మంచం దగ్గరికి వచ్చాడు. ఎలా పడ్డాడని అడిగాడు.

"జారారండీ" అంది ఆవిడ.

"ఇంకా ఎన్నాళ్ళు దాస్తావమ్మా?" అంది కూతురు. గుడ్డ సంగతి, మిషన్ సంగతి, తాళం సంగతి పూసగుచ్చినట్టు డాక్టరుకి చెప్పేసింది. మాస్టారు గోడవైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ సిగ్గుతో చచ్చిపోయింది.

ఇది ఎప్పటినుంచని అడిగాడు డాక్టరు. ఏడాది బట్టీ అంది కూతురు. అంతకు ముందెప్పుడైనా ఆడేవాడా అని అడిగాడు. ముక్క ముట్టి ఎరగరంది ఆవిడ.

అంతలో అలారం మోగింది. ఏడుస్తూనే ఆవిడ లేచింది. గ్లాసులో నీళ్ళు పోసి, మొగుడి తల కింద చెయ్యి వేసి పైకెత్తింది.

ఆయన నోటికి అందించబోతున్న మాత్రని ఆవిడ వేళ్ళ మధ్య నుంచి మెల్లగా తీసుకుని, "ఆయన చేత పేకాట ఆడిస్తున్నది ఇదేనమ్మా" అన్నాడు డాక్టరు.