శిష్యుడి దానం

“మోకాలు పట్టేసింది తల్లీ. ఇక్కణ్ణించే వెనక్కి వెళ్ళిపోదామా?” అన్నారు మాస్టారు.

కొండ ఎక్కడం మొదలుపెట్టి పావుగంట కూడా కాలేదు. పార్కు గేటు చెట్ల సందుల్లోంచి ఇంకా కనిపిస్తూనే ఉంది. పరిశోధకురాలు ఆయన దారికి అడ్డంగా నిలబడింది.

“మాస్టారూ, రేపే కమిటీ. మీ సంతకం లేకపోతే నా వ్యాసం ముఖం కూడా చూడరు. ఈ నెలాఖరుతో నా ఉద్యోగం సరి!”

అందులో అబద్ధమేమీ లేదు. ప్రాచీన లిపుల విషయంలో మాస్టారి మాటకు తిరుగులేదు. రిటైరై పన్నెండేళ్ళయినా, ఒక శాసనం అసలుదని ఆయన అంటేనే అసలుది. ఆమెకు ఆ లిపి నేర్పిందీ ఆయనే. ఆర్నెల్ల క్రితం ఈ అడవిలోని బౌద్ధ గుహల్లో, ఎవరూ పట్టించుకోని చిన్న గుహలో, నాచు కింద ఆమెకు రెండే రెండు మాటల శాసనం దొరికింది. వచ్చి చూడమని అప్పటినుంచీ ఆయన కాళ్ళావేళ్ళా పడుతోంది. ఒకసారి జ్వరమన్నారు. ఒకసారి చుట్టాలన్నారు. పంపిన ఫోటో మసగ్గా ఉందన్నారు. నిజానికి ఫోటో అద్దంలా ఉంది.

శిష్యురాలికి పేరొస్తుందని కడుపుమంటా? అలా అనుకున్నందుకు తనమీద తనకే చిరాకేసింది.

“ఇంతకీ కమిటీ ఒప్పుకుంటే ఏం చేస్తారు?” అడిగారు మాస్టారు, ఆయాసపడుతూ.

“ఏం చేస్తారేమిటి? బడి పుస్తకాల్లో వేస్తారు!”

“బడి పుస్తకాల్లోనా!” ఆయన పక్కనున్న రాతిమీద కూలబడిపోయారు. ఆమె కంగారుగా నీళ్ళ సీసా అందించింది.

శిథిల స్తూపం దాటాక దారి రెండుగా చీలింది. బోర్డేమీ లేదు. ఆమె వంగి షూ లేసు కట్టుకుని లేచేసరికి మాస్టారు ఎడమ దారిలో చకచకా నడుస్తున్నారు. హమ్మయ్య, మోకాలు సర్దుకుందనుకుని వెనకే పరుగెత్తింది. పైన మబ్బు కమ్ముతోంది. వాన మొదలైతే గార్డు అందరినీ దించేస్తాడు.

గుహ ద్వారం నడుమెత్తు కూడా లేదు.

“మాస్టారూ, తల జాగ్ర...”

ఆమె మాట పూర్తికాకముందే ఆయన వంగి లోపలికి వెళ్ళిపోయారు.

ఆమె టార్చి వేసింది.

“చూడండి. ‘శిష్యుడి దానం.’ అంతే! రాజు కాదు, షావుకారు కాదు, ఎవరో శిష్యుడు. పైగా ఈ అక్షరం తోక ఎడమకి తిరిగింది. ఇలాంటిది దేశంలో ఇంకెక్కడా లేదు.”

“తోక కుడికే ఉండాలి,” అన్నారు మాస్టారు నీరసంగా. క్లాసులో ఆ మాట బల్ల గుద్ది మరీ చెప్పేవారు. ఎడమకి రాసిన పాపానికి ఆమె చేత వందసార్లు రాయించారు కూడా.

“అదే కదా మాస్టారూ నేను కనిపెట్టింది! ఈ కొండమీద వాళ్ళ రాతే వేరు!”

ఆయన భూతద్దం తీయలేదు. ఎడమ బొటనవేలి మీది పాత మచ్చను రుద్దుకుంటూ గోడకేసి చూస్తూ ఉండిపోయారు. ఆమె కాగితం, పెన్ను చాపింది.

“సంతకం పెట్టలేనమ్మా. ఇది పాతది కాదు.”

ఆమెకు ఏడుపూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

“భూతద్దం కూడా పెట్టకుండానే తేల్చేశారా? మీరు నా గురువని నెత్తిన పెట్టుకున్నాను! పాతది కాకపోతే ఈ లిపిని ఇంత బాగా చెక్కిందెవరు? చెప్పండి మాస్టారూ, ఎవడా శిష్యుడు?”

మాస్టారు తల దించుకున్నారు.

“అప్పటికి నాకు ఇరవయ్యేళ్ళమ్మా.”