నీలం నీళ్ళు

“అరే, పాగలైనవా? అది తాపకు!”

పాప ఏడుపు విని వచ్చిన పక్కగది గంగాబాయి తలుపు ఓరగా తోసి గుమ్మంలోంచే అరిచింది. మౌనిక చేతిలో నీలం నీళ్ళ సీసా ఆగిపోయింది. ఒళ్ళో పాప పొద్దుటి నుంచీ విరేచనాలతో వాడిపోయి ఉంది.

“ఆటలాడేటోళ్ళు తాగుతరు గదా అవ్వా, శక్తొస్తదని ఫోరస్ రోడ్డు దుకాణంల కొన్న.”

“వాళ్ళకు పోయేది చెమట. ఇందుల చక్కెరెక్కువ, ఉప్పు తక్కువ. బిడ్డకు విరేచనాలు ఇంకా ఎక్కువైతయ్. మెడికల్ షాపుకు ఫోన్ జేస్త, ఓఆర్ఎస్ ప్యాకెట్లొస్తయ్. అందాక కాచిన నీళ్ళల్ల చక్కెర, ఉప్పు కలుపు.”

“ఉప్పెందుకు?”

“చక్కెర ఒక్కటే పోతే నీళ్ళు ఒంటికెక్కవు. ఉప్పు తోడుండాలె.”

“ఎంతెయ్యాలె?”

“కన్నీళ్ళకంటె ఉప్పగుండొద్దు.”

మౌనిక కలిపి నాలుక్కి తాకించుకుంది. మరికాసిని నీళ్ళు పోసి గ్లాసు అందించింది. గంగాబాయి రుచి చూసి ఆశ్చర్యపోయింది.

“మొదటిసారే ఎట్ల కుదిరిందే నీకు?”

మౌనిక చెంపలు తుడుచుకుంది. పెనిమిటి సైటు పని మీద పుణే పోయినప్పటి నుంచీ ఆ గది తలుపు మూసే ఉంటోంది.

గంగాబాయి పాపను ఒళ్ళోకి తీసుకుంది. పాపకు చెంచాతో తాపుతూనే కాలితో తలుపును బార్లా తోసింది.

“ఇగ మూయకు. గోడకవతల నేను గూడ ఒక్కదాన్నే.”