మెస్సావూద్ గారి సూత్రం

"ఆ సుద్దముక్క ఇటిచ్చెయ్. నువ్వది చెప్పడానికి వీల్లేదు," అన్నాడు ప్రొఫెసర్ తయ్యబ్.

నజీమ్ సుద్దముక్కను గుప్పిట్లో బిగించాడు. "ఏం ఉస్తాద్, లెక్కలో ఎక్కడైనా తప్పు దొర్లిందా?"

"దొర్లితే నాకీ బాధే ఉండేది కాదు. నిన్నటినుంచీ వెతుకుతున్నా. ఎక్కడా వేలు పెట్టే సందు లేదు."

"మరి?"

తయ్యబ్ అటూ ఇటూ చూసి, కాఫీల దగ్గర మూగినవాళ్లకు వినపడకుండా గొంతు తగ్గించాడు. "మొదటి వరుసలో తెల్ల శాలువా కప్పుకున్న ఆవిడ ఎవరనుకుంటున్నావు? జుబీదా గారు. మెస్సావూద్ గారి భార్య."

నజీమ్ తల తిప్పి మొదటి వరుసకేసి చూశాడు.

త్లెమ్సెన్‌లో ఏటా వసంతంలో జరిగే ఈ లెక్కల సదస్సుకు హంగూ ఆర్భాటమూ ఏమీ ఉండవు. గ్రూపాయిడ్లన్నా, ఆపరేటర్ ఆల్జీబ్రాలన్నా ప్రాణం పెట్టే పాతికమంది ఒక నల్లబల్ల ముందు పోగవుతారు. వాళ్ల గోడు ఇంట్లోవాళ్లకు అర్థం కాదు కనక, ఏడాదికోసారి ఒకరికొకరు చెప్పుకుని కడుపుబ్బరం తీర్చుకుంటారు. ఆ పాతికమందీ కళ్లు మూసుకుని నమ్మే సూత్రం మెస్సావూద్ గారిది. అది తప్పని నజీమ్ పట్టేశాడు. ఎంత విడదీసినా విడిపోని బిందువులున్న ఒక వింత గ్రూపాయిడ్‌ను కట్టాడు. అక్కడ ఆ సూత్రం బోర్లా పడింది. ఈ ఒక్క పూట కోసం మూడేళ్లు తిండీ నిద్రా మానేశాడు. పొద్దున్నే కొత్త చొక్కా కూడా తొడుక్కొచ్చాడు, పాపం.

"ఆయన పోయినప్పట్నుంచీ ప్రతి ఏడూ వస్తోందావిడ," అన్నాడు తయ్యబ్. "వహ్రాన్ నుంచి బస్సులో, ఆ మోకాళ్ల నొప్పులతో! మనం రాసేదాంట్లో ఆవిడకు ముక్క అర్థం కాదు. మొగుడి పేరు బోర్డు మీద చూసుకుందామని రావడం. అందుకే ఇక్కడ ఎవరేం చెప్పినా ఆ పేరు ఒక్కసారైనా రాస్తారు. నువ్వెళ్లి ఆ పేరు పక్కన 'తప్పు' అని రాస్తావా?"

"లెక్కకి జాలి ఉండదు ఉస్తాద్."

"లెక్కకి లేకపోతే మానె, మనకి ఉండొచ్చుగా! శుభ్రంగా పత్రికలో అచ్చేయించుకో, నేనే సిఫార్సు రాస్తా. లోకమంతా చదువుకుంటుంది, ఆవిడ తప్ప. ఇక్కడొద్దు. ఆవిడ ముందు అసలొద్దు."

నజీమ్ ఆ మాట చెవిన పెట్టలేదు. సుద్దముక్క ఇవ్వనూ లేదు. విసురుగా బోర్డు వైపు నడిచాడు. మొదటి వరుస దాటుతుంటే ఒక ముడతల చెయ్యి అతని చొక్కా పట్టుకుని ఆపింది.

"ఇప్పుడు చెప్పేది నువ్వేనా నాయనా? ఆ మొహం అలా పీక్కుపోయిందేం? మీ లెక్కలవాళ్లంతా ఇంతే, కంచం ముందున్నా కడుపు గుర్తుకు రాదు. ఇదిగో, తిను." ఖర్జూరం కూరిన మక్రూట్ మిఠాయి ఒకటి చేతిలో పెట్టింది.

"తింటాను ఖాలా."

"ఆయన సూత్రం వస్తుందా నువ్వు చెప్పేదాంట్లో?"

"...వస్తుంది."

జుబీదా మొహం విప్పారింది. "అయితే కాస్త గట్టిగా చెప్పు, పుణ్యముంటుంది. చెవులు సరిగ్గా పనిచెయ్యట్లేదు. ఆయన పేరొచ్చినప్పుడు ఏమంటారో విందామని ఎన్నాళ్లుగానో కాచుకుని కూర్చున్నా."

నజీమ్ బోర్డు దగ్గరికి వెళ్లాడు. పెద్ద అక్షరాలతో 'మెస్సావూద్ సూత్రం' అని రాశాడు. సుద్దముక్క అక్కడ ఆగిపోయింది. ఇంకొక్క మాట రాస్తే చాలు, మూడేళ్ల కష్టం ఫలిస్తుంది. వెనక్కి తిరిగి చూశాడు. జుబీదా చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి, ముందుకు వంగి, అతని నోటికేసే చూస్తోంది. రెప్ప కూడా వెయ్యడం లేదు. ఆ చూపుతో అతని పంతం నీరుగారిపోయింది.

"మెస్సావూద్ గారి సూత్రం ప్రకారం..." అని గట్టిగా మొదలుపెట్టి, ఎప్పటిదో పాత ఫలితమొకటి తీసి చెప్పేశాడు. తప్పని తెలిసి తెలిసి ఆ సూత్రం వాడుతుంటే మనసొప్పలేదు. అయినా ఆపలేదు. చప్పట్లు పడ్డాయి. వెనక వరుసలో తయ్యబ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

నజీమ్‌కు గుండె తేలికపడింది. తిన్నగా ఆవిడ దగ్గరికే వచ్చాడు. "వినిపించిందా ఖాలా?"

"ప్రతి ముక్కా వినిపించింది. చక్కగా చెప్పావు నాయనా." మాట మంచిదే గానీ గొంతులో పస లేదు. శాలువా సర్దుకుని, కర్ర ఊతంతో లేవబోతోంది.

"ఏమైంది ఖాలా? నావల్ల పొరపాటేమైనా జరిగిందా?"

"అయ్యో, నీ తప్పేముంది! నువ్వు విసురుగా వస్తుంటే చూసి, ఈసారి వీడే అనుకున్నా, అంతే."

"వీడే అంటే?"

జుబీదా అతని చెంప నిమిరింది. "పోయేముందు మా ఆయన నాతో అన్నాడు నాయనా, 'నా సూత్రంలో ఎక్కడో తప్పుంది జుబీదా, నాకు చిక్కలేదు. ముందే చెప్పేస్తే వాళ్లకి సరదా పోతుంది, చెప్పకు. ఎవడో కుర్రాడు పట్టుకుంటాడు. పట్టుకున్నవాడి నుదుటి మీద నా బదులు ముద్దు పెట్టి రా' అని. ఆ ముద్దు మోసుకుంటూ ఏటా వస్తున్నా... ఏం చేస్తాం, మీకింకా ఎవరికీ చిక్కలేదు."