త్రీఫేజా, పెట్రోలా?

"కరెంటుదా, పెట్రోలుదా? అది చెప్పన్నా ముందు," అన్నాడు అంగడి యజమాని సమీవుల్లా, మూడో మిషను మీది అట్టపెట్టె తీసేస్తూ.

యెషయాకు ఆ సంగతే తేలడం లేదు. నంద్యాలలో బస్సు దిగేదాకా, బండ్లు కడిగే మిషనంటే ఒకటే ఉంటుందనుకున్నాడు. ఇక్కడ చూస్తే మూడు. చిన్నది ఇంటి కరెంటుతో నడుస్తుందట. పెద్దదానికి మోటారు వేరు, పంపు వేరు, మధ్యలో బెల్టు. దానికి త్రీఫేజు కావాలట. మూడోది పెట్రోలు ఇంజనుతో చక్రాల మీద నిలబడి ఉంది. పైపులు, నీళ్లు చిమ్మే గన్నులు, వాటి మూతికి బిగించే నాజిళ్లు మళ్లీ వేరే.

ఇన్నేళ్లూ బేతంచెర్లలో బండల పాలిష్ పని చేశాడు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరిందని, ఆ పని మానకపోతే తన చేతుల్లో ఏమీ లేదని డాక్టరు చెప్పాడు. భార్య మేరీ పుట్టింటివాళ్లకు ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన కాస్త జాగా ఉంది. బోరు ఉంది. అక్కడ షెడ్డు వేసుకుంటే దుమ్ము పని పోయి నీళ్ల పని వస్తుంది. ఆ ఊళ్లో అతనికి అత్తగారింటివాళ్లు తప్ప ఇంకెవరూ తెలియరు. ఈ పొద్దున అక్కడ కొలతలు పెట్టి, అటునుంచే బస్సెక్కాడు.

"నాకేం తెల్దు భాయ్. నువ్వే ఏదో ఒకటి చెప్పు."

"ట్రాక్టర్లు కడగాలంటే పెద్దదే. కళ్లు మూసుకొని తీసుకో."

యెషయా చేయి జేబు మీదికి పోయింది.

"త్రీఫేజు ఉందా నీకు?"

గడప దగ్గర, పైపుల చుట్ట మీద చేయి వేసుకొని ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. పంచె, చారల చొక్కా. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు.

"నా పేరు సంజీవయ్యలే. చెవిన పడితే అడిగినా. యాడ పెడతాండావ్ నాయనా?"

"ఆళ్లగడ్డలో అన్నా. బోరుకు కరెంటు ఉండాది."

"అది చేనికిచ్చిన కరెంటు. దాంతో యాపారం చేస్తే వైర్లు పీక్కోని పోతారు. వేరే కనెక్షనుకు రాసుకుంటే ఎప్పుడిస్తారో ఎవరికెరుక? అంతవరకూ మిషను మీద దుప్పటి కప్పి జోల పాడతావా?"

సమీవుల్లా మొహం మాడ్చుకున్నాడు. "ఓ పెద్దాయనా, ఆయప్పను కొననీ."

"కొనద్దన్నానా? తెలుసుకొని కొనమంటాండా."

అదీ నిజమే అనిపించింది యెషయాకు. చిన్నదాని వైపు తిరిగాడు. "అయితే ఇదన్నా?"

"స్కూటర్లకు బాగుంటాది. నల్లరేగట్లో దిగబడిన ట్రాక్టరు తెస్తే? ఒక్క టైరు కడిగేసరికి పొద్దు గూకుతాది. డ్రైవరు నిన్ను తిట్టకుండా పోతాడా?"

"అయితే పెట్రోలుదే."

"అది మంచిదే. కరెంటుతో పనిల్యా."

యెషయా మొహం విప్పారింది.

"కానీ దాని ఊపుకు కొత్త కారు పెయింటు లేచిందనుకో. ఆ కారాయన నిన్ను విడిచిపెడతాడా?"

"నాజిలు మారిస్తే లేవదు!" సమీవుల్లా గొంతు పెంచాడు.

"చెయ్యి తిరిగినోడు మారుస్తాడప్పా. ఈయప్ప గన్ను పట్టిందే లేదు కదా. మా బామ్మర్ది ప్యాపిలిలో ఇట్లే ఉరికి ఉరికి కొన్యాడు. బోరునీళ్లలో ఉప్పు. నాజిళ్లు పూడిపాయ, పంపు చెడిపాయ. ఇప్పుడు దాని మీద కోళ్లు పండుకుంటాండాయి."

యెషయా మూడింటినీ మళ్లీ ఒకటొకటిగా చూశాడు. ఇందాక వేరువేరుగా కనిపించినవి ఇప్పుడు ఒకేలా ఉన్నాయి. ఇంతలో ఫోను మోగింది.

"తీసుకుంటివా?" అంది మేరీ.

"అర్థం కాలేదు మేరీ."

"ఏది అర్థం కాలేదు?"

"ఏదీ."

"నువ్వు దగ్గకుండా ఉండేది ఏదో, అది తీసుకో."

అతను కాస్త పక్కకు జరిగి గొంతు తగ్గించాడు. "ఈడ ఒకాయన ఉండాడు. దేవుడు పంపినట్టే వచ్చినాడు. లేకుంటే మునిగిపోతాంటిమి."

సంజీవయ్య టీ తెప్పించాడు. గ్లాసు చేతికిచ్చాక యెషయా అడిగాడు. "నువ్వైతే ఏది కొంటావన్నా?"

"నేనైతే ఇప్పుడే కొనను. ఏడాది ఆగుతా."

"అంతవరకూ బతికేదెట్ల? ఈ పాలిష్ దుమ్ము నాకు పడదు."

"చేస్తాండే పని ఉంది కదా."

జవాబు చెప్పబోయిన యెషయాకు దగ్గు తెర వచ్చింది. గ్లాసులో టీ సగం నేల మీద ఒలికింది. సంజీవయ్య రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయాడు. దగ్గు ఆగాక వీపు మీద చేయి వేశాడు.

"మూతికి గుడ్డ కట్టుకో నాయనా. అందరూ అట్లే చేస్తాండారు."

యెషయా గ్లాసు కింద పెట్టాడు. చివరికి సమీవుల్లాకు దండం పెట్టాడు. "ఏమనుకోవద్దు భాయ్. నా బుర్రకు ఎక్కడంల్యా. ఇంకో ఏడాది పాలిష్‌లోనే ఉంటా." సంజీవయ్య చేతులు రెండూ కళ్లకద్దుకొని, బేతంచెర్ల బస్సు కోసం వెళ్లిపోయాడు.

అతను సందు మలుపు తిరిగేదాకా సంజీవయ్య చూస్తూనే ఉన్నాడు.

"చల్లగుండాదా ఇప్పుడు?" సమీవుల్లా అట్టపెట్టెను కాలితో తన్నాడు. "చేతికొచ్చిన బేరం చెడగొడితివి. ఇంతకీ నీకేం కావాల?"

"ఏమొద్దప్పా."

"ఏమొద్దా? మరి అంగడికి ఎందుకొచ్చినావ్?"

"ఆయప్ప వెనకే వచ్చినా. పొద్దున వాళ్ల జాగాలో షెడ్డుకు కొలతలు పెట్టేటప్పుడే చూసినా."

"నువ్వు యాడ చూస్తివి?"

సంజీవయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఆళ్లగడ్డలో బండ్లు కడిగే షెడ్డు నాదొక్కటే."