పద్నాలుగు రాత్రి విమానం

"ఒక్క రోజు ఆగితే ఏం కొంప మునుగుతుందే నిరూ?" అంది రాజ్యం, పార్కింగ్ దొరక్క మూడోసారి అదే వీధి చుట్టి వస్తూ. "న్యూజిలాండ్ నుంచి ఇంత దూరం వచ్చి, అక్క ఇంట్లో ఒక్క పూట అన్నం తినకుండా పోతావా? ఫ్రీమాంట్ ఎంత, గంట దూరం!"

"ఈ రాత్రికే టికెట్టక్కా. పదీ నలభై అయిదుకి."

"మార్చుకో. ఇప్పుడన్నీ ఫోన్లోనే మార్చేస్తున్నారు."

"మార్చకూడదు," అంది నిరుపమ. మార్చలేను అనాల్సింది, నోరు జారింది. పార్కింగ్ గొడవలో ఉన్న రాజ్యం అదేమీ పట్టించుకోలేదు.

రాజ్యం ఆమెకి పెద్దమ్మ కూతురు. శాన్‌ఫ్రాన్సిస్కో రావడం నిరుపమకి ఇదే మొదటిసారి. ఆ మాటకొస్తే, ఒంటరిగా విమానం ఎక్కడమూ ఇదే మొదలు. నాలుగు రోజులుగా ఊరంతా కాళ్ళరిగేలా తిరిగింది. అక్కకి మాట మాత్రం చెప్పలేదు. వాట్సాప్‌లో ఫొటో చూసి రాజ్యమే తిట్లు మొదలుపెట్టి, ఈ పొద్దున హోటలుకి వచ్చి పట్టుకుంది.

"ఇంతకీ ఏం చూశావు?"

"కేబుల్ కారెక్కాను. ఆ ఎర్ర వంతెన చూద్దామని పోతే పొగమంచులో సగం స్తంభమే కనపడింది. జూలైలో కూడా ఇంత చలేమిటక్కా మీ ఊళ్ళో?"

"అందరూ అదే మాట అంటారు. ఒక్కదానివే తిరుగుతుంటే భయం వెయ్యలేదూ?"

"ఒక్కదాన్నే ఎక్కడున్నాను? చైతూ వెంటే ఉన్నాడు."

రాజ్యం రోడ్డు మీంచి చూపు తిప్పి ఆమె వంక చూసింది.

"నిజం అక్కా. రెండో రోజు నా ముందు ఒక పిల్లాడు నడుస్తున్నాడు. ఒక భుజానికే బ్యాగు, అటువైపు కాస్త ఒరిగి నడక. అచ్చం వాడే. ఆ ఎత్తు రోడ్డు మీద ఆయాసపడుతూ నాలుగు వీధులు వెంటపడ్డాను. సిగ్నల్ దగ్గర వెనక్కి తిరిగాడు. ఎవరో చైనా పిల్లాడు. ఆర్ యూ ఓకే అని అడిగాడు పాపం. అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చాను."

"అయ్యో తల్లీ!"

"నిన్న పడవలో మళ్ళీ కనపడ్డాడు. ఈసారి లేచి వెళ్ళలేదు. ఒడ్డు చేరేదాకా వాడి వీపు చూస్తూ కూర్చున్నాను. తిరక్కుండా ఉంటే చాలనుకున్నాను."

చైతూ అంటే కృష్ణచైతన్య, నిరుపమ ఒక్కగానొక్క కొడుకు. న్యూజిలాండ్ దక్షిణపు కొసన ఇన్వర్‌కార్గిల్‌లో చదువుకునేవాడు. రెండేళ్ళ కిందట, జూలై పదిహేను తెల్లవారుజామున, అక్కడి చలికాలపు రోడ్డు మీద గడ్డకట్టిన మంచుకి వాడి కారు జారింది. వాడికి అప్పుడు ఇరవై ఒక్క ఏళ్ళు.

రాజ్యం కారు పక్కకి ఆపి ముక్కు చీదుకుంది. అంతలో నిరుపమ ఫోన్ మోగింది. జాన్సన్‌విల్ ఇంటి నుంచి భర్త బాలసుబ్రహ్మణ్యం. నిరుపమ ఫోన్ వంక చూసి, బ్యాగులో పడేసింది.

"అదేమిటే? పొద్దుట్నుంచి ఇది నాలుగోసారి. పోట్లాడుకున్నారా?"

"లేదక్కా. తర్వాత మాట్లాడతాలే."

"పాపం మరిదిగారు కంగారు పడుతుంటారు... అవునూ, రేపు పదిహేను కదూ!" రాజ్యం నుదురు కొట్టుకుంది. "నా మతిమరుపు మండ! వాడి స్నేహితులందరినీ ఇంటికి పిలిచి భోజనాలు పెడుతున్నాం అన్నారు మరిదిగారు. అందుకా నీ తొందర! ఈ రాత్రి ఎక్కితే రేపటికి ఇల్లు చేరతావు. కన్నతల్లివి, నువ్వు లేకపోతే ఎలా? ఇంక ఆగమని అడగను. ఎయిర్‌పోర్టులో నేనే దింపుతాను."

నిరుపమ కిటికీలోంచి బయటికి చూస్తూ తలూపింది.

రాత్రి పొగమంచు దిగింది. పదీ నలభై అయిదు విమానం పదకొండుంపావు అన్నారు. తర్వాత పదకొండున్నర అన్నారు. నిరుపమ కౌంటరు దగ్గరికి రెండుసార్లు వెళ్ళింది.

"పన్నెండు లోపే బయలుదేరుతుంది కదా?"

"అలాగే అనుకుంటున్నాం మేడమ్."

"అనుకోవడం కాదండీ, కచ్చితంగా చెప్పండి. పన్నెండు దాటకూడదు." ఆమె కౌంటరు అంచు వదల్లేదు. కౌంటరు పిల్ల మంచినీళ్ళ సీసా తెచ్చిచ్చింది.

ఇంటికి చేరిన రాజ్యం ఫోన్ చేసింది. "లేటటగా? ఎక్కావా?"

"లేదక్కా. పన్నెండు దాటితే ఎలా?"

"పన్నెండు దాటితే ఏమవుతుందే, అమావాస్య వస్తుందా? అరగంట ఆలస్యమైతే భోజనాలు నీ కోసం ఆపుతారులే. పిచ్చిదానా, గుండె చిక్కబట్టుకో. వాడి ఫొటోకి నా తరఫున కూడా ఒక పువ్వు పెట్టు."

"ఉంటానక్కా," అని నిరుపమ ఫోన్ పెట్టేసింది.

పదకొండూ ఇరవైకి ఎక్కించారు. సీట్లో కూర్చున్నాక భర్త నుంచి మెసేజీ వచ్చింది. 'ఒక్కసారి మాట్లాడు నిరూ, చాలు.' పాపం, నలుగురిలో గట్టిగా మాట్లాడటం కూడా రాని మనిషి. 'క్షమించండి' అని రాసి పంపి, ఫోన్ ఆపేసింది.

విమానం రన్‌వే మీద వరసలో నిలబడింది. పదకొండూ నలభై అయిదు. యాభై. నిరుపమ గడియారం మీంచి చూపు తిప్పలేదు. యాభై ఆరుకి చక్రాలు నేల విడిచాయి. ఆమె వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. నాలుగు రోజుల్లో మొదటిసారి ఊపిరి తేలిగ్గా ఆడింది.

కాసేపటికి కెప్టెన్ గొంతు వినిపించింది. ఆలస్యానికి మన్నించమన్నాడు. దారిలో అంతర్జాతీయ తేదీ రేఖ దాటి ఒక రోజు ముందుకు పోతాం గనక, ఆక్లండ్‌లో దిగేసరికి పదహారో తేదీ ఉదయం ఎనిమిది అవుతుందన్నాడు.

"మరి మన పదిహేను ఏమైపోయినట్టు?" అని నవ్వింది పక్క సీటావిడ.

ఆ పదిహేను రాకుండా చేసుకోవడానికే నిరుపమ అమెరికా వచ్చింది.